పెర్ఫ్‌లో ఫంక్షన్ పేర్లు రాకపోతే ముందు నడుస్తున్న ఫైల్‌ని చూడండి

"మైనస్ జీ పెట్టి కంపైల్ చేశాను, అయినా పెర్ఫ్ రిపోర్ట్‌లో పేర్లకు బదులు అడ్రసులే వస్తున్నాయి" అన్నారు కదా (పెర్ఫ్ అంటే ప్రోగ్రాం ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం గడుపుతోందో చూపే లినక్స్ టూల్, మైనస్ జీ అంటే డీబగ్ సమాచారం చేర్చమనే కంపైలర్ ఫ్లాగ్), రెండేళ్ల కిందట నేనూ సరిగ్గా అక్కడే ఇరుక్కున్నాను. ఒడిశా పర్లాకిమిడిలో మా బావకి రైస్ మిల్లు ఉంది, కాటా తూకాలు లెక్కగట్టే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. ధాన్యం సీజన్‌లో నెల రిపోర్టుకి 11 నిమిషాలు పడుతోంది, బయట ట్రాక్టర్లు బారులు, బావ నా కుర్చీ వెనకే. పెర్ఫ్ పెడితే స్క్రీన్ నిండా సున్నా ఎక్స్‌తో మొదలయ్యే అంకెలు!

మైనస్ జీ పెట్టమనే అందరూ చెప్తారు. నిజానికి ఫంక్షన్ పేర్లకి అది అక్కర్లేదు, అవి సింబల్ టేబుల్‌లో, అంటే ఏ అడ్రసులో ఏ ఫంక్షన్ ఉందో చెప్పే పట్టికలో ఉంటాయి, ఆ టేబుల్ మామూలుగా కంపైల్ చేసినా ఉంటుంది. మైనస్ జీ వల్ల వచ్చేవి లైన్ నంబర్లు, ఇన్‌లైన్ అయిపోయిన (పిలిచిన చోటే కలిసిపోయిన) ఫంక్షన్ల వివరాలూ. కాబట్టి మీ సొంత ఫంక్షన్ల పేర్లు ఒక్కటీ రాలేదంటే ఎక్కడో స్ట్రిప్ అయిపోయింది, అంటే ఆ పట్టికని ఫైల్‌లోంచి తీసేశారు. 'ఫైల్' కమాండ్ ఇస్తే చివర్లో స్ట్రిప్డ్ అనో నాట్ స్ట్రిప్డ్ అనో చెప్తుంది.

నాకు నాట్ స్ట్రిప్డ్ అనే వచ్చింది, గంటసేపు తల పట్టుకున్నాను. తీరా చూస్తే నేను అడిగింది బిల్డ్ ఫోల్డర్‌లోని ఫైల్‌ని, మిల్లులో నడుస్తున్నది ఇంకొకటి. నడుస్తున్న ప్రోగ్రాంల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో ఎగ్జీ అనే లింక్ ఉంటుంది, అది చూస్తే అసలు ఏది నడుస్తోందో తెలిసిపోతుంది. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన నా మేక్‌ఫైల్‌లో ఇన్‌స్టాల్ లైన్‌కి మైనస్ ఎస్ తగిలించి ఉంది, కాపీ చేసేటప్పుడే పేర్లన్నీ ఊడ్చేస్తోంది.

అది తీసేశాక పాత రికార్డింగ్‌నే మళ్లీ తెరవకండి. కోడ్ గానీ ఫ్లాగులు గానీ మార్చి కంపైల్ చేస్తే బిల్డ్ ఐడీ (ఆ ఫైల్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) మారుతుంది, పెర్ఫ్ ఆ కొత్త ఫైల్‌ని పట్టించుకోదు. కొత్తగా రికార్డ్ చేయండి.

పేర్లు వచ్చినా ఎవరు ఎవర్ని పిలిచారో ఆ వరుస మధ్యలో తెగిపోతే అది వేరే జబ్బు, ఫ్రేమ్ పాయింటర్లు, అంటే పిలుపుల వరుసని వెనక్కి పట్టుకెళ్లే ఆనవాళ్లు, లేవన్నమాట. ఉబుంటు 24.04 నుంచి వాళ్ల ప్యాకేజీల్లో పెడుతున్నారు గానీ మన కోడ్‌కి 'నో ఒమిట్ ఫ్రేమ్ పాయింటర్' ఫ్లాగ్ మనమే ఇవ్వాలి. డీబగ్ సమాచారంతో ఆ వరుస కట్టే డ్వార్ఫ్ పద్ధతి కూడా ఉంది, కాకపోతే ఒక్కో శాంపిల్‌కి 8 కేబీ దాకా స్టాక్ కాపీ చేస్తుంది, ఫైల్ ఉబ్బిపోతుంది. కెర్నల్ పేర్లు మాత్రమే రాకపోతే కెర్నల్ అడ్రసుల్ని దాచే కేపీటీఆర్ రిస్ట్రిక్ట్ సెట్టింగ్ చూడండి.

ఇంతకీ నా దగ్గర దొంగ ఎవరంటే, రైతుల పేర్లు పోల్చే ఫంక్షన్. కొన్ని పేర్లు ఒడియాలో, కొన్ని తెలుగులో ఉంటాయి, సార్టింగ్‌లో ప్రతి పోలికకీ రెండు పేర్లనీ ఒకే లిపిలోకి మళ్లీ మళ్లీ మారుస్తోంది. ఒక్కసారే మార్చి దాచుకునేలా చేస్తే 40 సెకన్లకి దిగింది. మీరు ఆ ఎగ్జీ లింక్ మీదే 'ఫైల్' కమాండ్‌ని మైనస్ ఎల్ (పెద్ద ఎల్) పెట్టి నడిపి, లేకపోతే అది లింక్ అని మాత్రమే చెప్తుంది, ఏమొచ్చిందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.