షేక్‌స్పియర్ నాటకాలు ఆడినాయన స్టార్ ట్రెక్‌లో చేస్తే స్థాయి దిగజారినట్టేనా?

ఇంగ్లీషు నటుడు పాట్రిక్ స్టూవర్ట్ గురించి మీరు అడిగింది ఇదీ: పాతికేళ్లకు పైగా నాటకాలాడిన మనిషి స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్లో అంతరిక్ష నౌక కెప్టెన్‌గా కూర్చున్నాడు, ఆ సాధనంతా వృథా పోయినట్టే కదా అని.

నేను విమర్శకుణ్ణి కాదు. ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చదివాను. 2004 నుంచి 2015 దాకా ఆ యూనివర్సిటీకి ఛాన్సలర్ ఆయనే. నాకు పట్టా ఇచ్చిన రోజు స్టేజీ మీద చేయి కలిపిన ముసలాయన కూడా ఆయనే. ఆ పరిచయంతోనే ఈ జవాబు.

నిజం చెప్పాలంటే అక్కడికి వెళ్లేదాకా ఆయన పేరు కూడా నాకు తెలియదు. మా రూమ్‌లో ఉన్న విజయవాడ అబ్బాయి మాత్రం 'ఒరేయ్, ఎక్స్‌మెన్ సినిమాలో చక్రాల కుర్చీలో ఉంటాడే గుండాయన, ఆయన్రా' అన్నాడు. మాలో సగం మందికి ఆయన అంతే, ప్రొఫెసర్ ఎక్స్.

నాకు ఆయన మీద ఆసక్తి పుట్టింది యాస వల్ల. మాది బొబ్బిలి వైపు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌లో చేరిన కొత్తలో 'ఏటి' అని నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీ అంతా నవ్వేది. రెండో ఏడాదికల్లా ఆ యాసను పెట్టెలో పెట్టి తాళం వేసేశాను. హడర్స్‌ఫీల్డ్ వచ్చాక ఖర్చులకి ఒక గోదాములో పార్ట్‌టైమ్‌గా చేరాను. మొదటి రోజు సూపర్‌వైజర్ నా ముందు నిలబడి 'ఔట్?' అన్నాడు. బయటికి పొమ్మంటున్నాడనుకుని కోటు తీసుకుని తలుపు దాకా వెళ్లిపోయాను. ఆ ఊరి భాషలో 'ఔట్' అంటే 'ఏమైనా', 'నౌట్' అంటే 'ఏమీ లేదు'. పాపం, ఏమైనా కావాలా అని అడిగాడంతే! అక్కడే పనిచేసే ఒక పెద్దాయన నవ్వి నవ్వి, 'మీ ఛాన్సలర్ కూడా ఇలాగే మాట్లాడుతూ పెరిగాడు, పక్కనే మర్‌ఫీల్డ్ వాడు' అన్నాడు. టీవీలో రాజుగారిలా మాట్లాడే మనిషిది ఈ భాషా అనిపించింది. అప్పటినుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివాను, చూశాను.

మర్‌ఫీల్డ్ హడర్స్‌ఫీల్డ్ నుంచి రైల్లో కొద్ది నిమిషాల దూరం. 1940 జూలై 13న అక్కడ పుట్టారాయన. కింద ఒక గది, పైన ఒక గది, మరుగుదొడ్డి బయట. అమ్మ గ్లాడిస్ బట్టల మిల్లులో నేతపని చేసేది. నాన్న ఆల్‌ఫ్రెడ్ సైన్యంలో ఉండేవాడు. పారాచూట్ రెజిమెంటులో సార్జెంట్ మేజర్ దాకా ఎదిగాడు. ఆయన నోటి మాటకి వందల మంది కదిలేవారు. పిల్లవాడికి అయిదేళ్లప్పుడు యుద్ధం ముగిసి నాన్న ఇంటికొచ్చాడు. వారమంతా కూలిపని, శనాదివారాలు తాగుడు, ఆ తర్వాత అమ్మ మీద చెయ్యి చేసుకోవడం.

ఈ విషయాలు స్టూవర్ట్ దాచుకోలేదు, 2009లో బహిరంగంగా రాశారు. గొంతులు ఎంత పెరిగాయో విని, దెబ్బ పడబోయే క్షణాన్ని పసిగట్టి, సరిగ్గా అప్పుడు తలుపు తీసి మధ్యలో దూరడం చిన్నప్పుడే అలవాటైందట. గాయపడింది అమ్మ అయితే, ఇంటికొచ్చిన డాక్టరూ అంబులెన్సు వాళ్లూ 'నువ్వే ఏదో రెచ్చగొట్టి ఉంటావు, గొడవకి ఇద్దరు కావాలి కదా' అనేవారట. నాకు ఆ మాట దగ్గర చదవడం ఆపేయాలనిపించింది. మన వీధుల్లో వినని మాటా అది?

2012లో కుటుంబ చరిత్ర తవ్వే ఒక టీవీ కార్యక్రమంలో ఆయనకి ఇంకో సంగతి తెలిసింది. 1940లో ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చేటప్పటికే నాన్నకి యుద్ధం వల్ల మనసు తీవ్రంగా దెబ్బతిని ఉందని. అప్పట్లో దానికి సరైన వైద్యం అందేది కాదు, అదొక జబ్బని ఒప్పుకునేవాళ్లూ తక్కువే. అప్పటికే అమ్మ కోసం, హింసకి గురైన ఆడవాళ్లకి ఆశ్రయమిచ్చే రెఫ్యూజ్ అనే సంస్థకి పనిచేస్తున్నారు. తర్వాత నాన్న కోసం, మాజీ సైనికుల మానసిక ఆరోగ్యం చూసే కాంబాట్ స్ట్రెస్‌కి కూడా అండగా నిలిచారు. నాన్న చేసింది తప్పు కాదని మాత్రం ఎక్కడా అనలేదు.

ఇక నాటకం. సెసిల్ డోర్మండ్ అనే ఇంగ్లీషు మాస్టారు పన్నెండేళ్ల పిల్లవాడి చేతిలో షేక్‌స్పియర్ రాసిన వెనిస్ వర్తకుడి నాటకం పెట్టి, కూర్చుని చదవడం కాదు, లేచి నిలబడి ఆడమన్నారు. పదిహేనేళ్లకి బడి మానేసి ఊరి పత్రికలో రిపోర్టరుగా చేరితే, అక్కడ వార్తల కంటే రిహార్సల్సే ఎక్కువైపోయాయి. వెళ్లని మీటింగులకి కూడా వార్తలు రాసిపెట్టేవాడు. నాటకాలో ఉద్యోగమో తేల్చుకోమన్నాడు ఎడిటరు. తేల్చుకున్నాడు. కొన్నాళ్లు ఫర్నిచర్ దుకాణంలో పనిచేసి, 1957లో బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో చేరాడు. డబ్బెక్కడిది అంటారా? మన జిల్లా పరిషత్తు లాంటి అక్కడి కౌంటీ కౌన్సిల్ గ్రాంటు ఇచ్చింది. మిల్లు కార్మికురాలి కొడుకు నటన నేర్చుకోవడానికి ప్రభుత్వ డబ్బు! ఆ ఒక్క వాక్యం కోసమే నేను ఆ కాలపు ఇంగ్లండ్‌కి దండం పెడతాను.

ఆ బడిలో నేర్పేది ప్రధానంగా ఊపిరి, గొంతు, ఉచ్చారణ, ఒంటి కదలిక. మైకు లేకుండా చివరి వరుస దాకా మాట చేరాలి, అయినా అరిచినట్టు ఉండకూడదు. మన పద్యనాటకం వాళ్లని ఎవర్నైనా అడగండి, వెంటనే అర్థమవుతుంది. దాంతోపాటు ఊరి యాస వదిలించి, ఏ ఊరిదో తెలియని 'శుద్ధ' ఇంగ్లీషు నాలుకకి ఎక్కించేవారు. అలా ఆయనకి రెండు భాషలయ్యాయి, స్టేజీకి ఒకటి, ఇంటికి ఒకటి.

పందొమ్మిదేళ్లకే జుట్టు ఊడిపోయింది. కుర్రవాడికి ఎంత టెన్షనో ఊహించుకోండి. దాన్నీ వాడుకున్నారు. ఆడిషన్‌కి విగ్గుతో ఒకసారి, లేకుండా ఒకసారి కనిపించి, ఒక జీతానికి ఇద్దరు నటులు వస్తారని చెప్పేవారట.

1959లో లింకన్‌లో మొదలుపెట్టి షెఫీల్డ్, మాంచెస్టర్, లివర్‌పూల్... ఇవన్నీ రెపర్టరీ కంపెనీలు. రాత్రి ఒక నాటకం ఆడుతూ, పగలు వచ్చే నాటకానికి రిహార్సల్ చేయాలి. 1966లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరి 1982 దాకా అక్కడే ఎక్కువగా ఉన్నారు. 1970లో దర్శకుడు పీటర్ బ్రూక్ చేయించిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' ప్రసిద్ధ ప్రదర్శనలో ఆయనది అతుకులేసే స్నౌట్ వేషం. చిన్నదే. 1978లో షైలాక్ అనే వడ్డీ వ్యాపారి వేషం వేశారు, డోర్మండ్ మాస్టారు చేతిలో పెట్టిన అదే నాటకంలో. ఇంత చేసినా లోకానికి తెలియదు. వేళకి వచ్చి, వేషం బాగా వేసి, ఇంటికెళ్లే నటుడు, అంతే.

1986లో లాస్ ఏంజెలెస్‌లో ఒక యూనివర్సిటీ ఉపన్యాస కార్యక్రమంలో ఆయన షేక్‌స్పియర్ చదువుతుంటే రాబర్ట్ జస్ట్‌మన్ అనే నిర్మాత విన్నాడు. కొత్త స్టార్ ట్రెక్‌కి కెప్టెన్ దొరికాడని అక్కడే అనుకున్నాడట. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీకి మాత్రం ఈ బట్టతల ఇంగ్లీషాయన నచ్చలేదు. లండన్ నుంచి విగ్గు తెప్పించి మరీ ఆడిషన్ చేయించారు, చివరికి విగ్గు లేకుండానే తీసుకున్నారు. ఆరేళ్ల ఒప్పందం. ఏడాదిలో మూతపడే సీరియల్, సంతకం పెట్టి డబ్బు చేసుకో అన్నారు తెలిసినవాళ్లు. వద్దన్నది స్నేహితుడు, తనలాగే నాటకాల నటుడు ఇయన్ మెకెలన్. స్టేజీని వదలొద్దని గట్టిగా చెప్పారు. అంటే మీకొచ్చిన అనుమానం ఆయనకీ వచ్చిందన్నమాట. తను తప్పని తర్వాత మెకెలనే ఒప్పుకున్నారు.

లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆయన్ని 'అనామక బ్రిటిష్ షేక్‌స్పియర్ నటుడు' అని రాస్తే, తోటి నటులు అదే మాట మీద జోకుగా ఒక బోర్డు రాసి ఆయన విశ్రాంతి తీసుకునే బండికి (ట్రెయిలర్) తగిలించారు. మొదట్లో మరీ బిగుసుకుని ఉండేవారు. సెట్‌లో అల్లరి చేస్తున్నవాళ్లతో 'మనమిక్కడికి సరదాకి రాలేదు' అన్న అర్థంలో క్లాసు పీకితే, వాళ్లు పడీపడీ నవ్వారట. తర్వాత అందరికంటే అల్లరి ఆయనదే.

సీరియల్ 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు నడిచింది. మొదటి రెండు సీజన్ల యూనిఫాం ఎంత బిగుతంటే నడుం నొప్పి పట్టుకుంది. మూడోదానికి చొక్కా విడిగా కుట్టారు. కూర్చుని లేచినప్పుడల్లా అది పైకి జరుగుతుంటే కిందికి లాక్కునేవారు. ఆ లాగుడికి అభిమానులు పేరు కూడా పెట్టేశారు!

వృథా అయిందా అన్న మీ ప్రశ్నకి ఆయన జవాబే ఉంది. షేక్‌స్పియర్ రాజులుగా సింహాసనాల మీద కూర్చున్న ఏళ్లన్నీ ఆ కెప్టెన్ కుర్చీకి తయారీయే అనేవారు. నన్నడిగితే ఒక్క ఎపిసోడ్ చాలు. 1992లో వచ్చిన 'ది ఇన్నర్ లైట్'. ఆయన వేసిన కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పిన పాతిక నిమిషాల్లో వేరే లోకంలో పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, ముసలివాడై, మనవణ్ణి ఎత్తుకుంటాడు. అందులో కొడుకుగా చేసింది ఆయన సొంత కొడుకు డానియల్. చివర్లో మేలుకున్నాక చేతిలో ఒక చిన్న పిల్లనగ్రోవి మిగులుతుంది. డైలాగ్ లేదు. ఆ పిల్లనగ్రోవిని గుండెకి హత్తుకుని, వాయించడమే. గొంతు సాధన చేసినవాడికే గొంతు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

పైగా స్టేజీని వదిలేశారనుకుంటే పొరపాటు. 1991లో డికెన్స్ క్రిస్మస్ కథని బ్రాడ్‌వేలో ఒక్కరే ఆడారు, ముప్ఫైకి పైగా పాత్రలు. 1997లో వాషింగ్టన్‌లో ఒథెల్లో వేశారు, నాటకంలో నల్లవాడైన ఆ పాత్రని తను తెల్లవాడిగానే, చుట్టూ ఎక్కువగా నల్లజాతి నటులు. 2007లో మాక్‌బెత్. 2009లో అదే మెకెలన్‌తో లండన్‌లో వెయిటింగ్ ఫర్ గోడో నాటకం. టీవీ ఇచ్చిన పేరుతోనే ఆ టికెట్లు అమ్ముడుపోయాయని నా అనుమానం. 2010లో సర్ బిరుదు వచ్చింది. ఎక్స్‌మెన్ సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నా.

పట్టా రోజు సంగతి చెప్పి ముగిస్తాను. మాకు పట్టాలు సెయింట్ పాల్స్ హాల్లో ఇచ్చారు, ఒకప్పుడు చర్చి అది. నల్ల గౌనులో వరుసలో నిలబడ్డాను. నా పేరు పిలిచేవాళ్లు నా ఇంటిపేరుని ముక్కలు ముక్కలు చేశారు. ఆయన చేయి కలిపి ఏదో అన్నారు. చప్పట్లలో ఒక్క ముక్క వినపడలేదు. అంత గొంతున్న మనిషి నాతో అన్న మాట నాకే వినపడలేదు చూడండి. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. 'ఏటిరా, ఇచ్చీసినారా?' అంది. 'ఇచ్చీసినారమ్మా' అన్నాను. పక్కనున్న విజయవాడ అబ్బాయి వింతగా చూశాడు.