చీటీల పెట్టె తాళం నీ దగ్గరే ఉంచుకో

చిన్నీ,

పెద్దమ్మ ఆశీస్సులు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకీ వాళ్ల అమ్మానాన్నలకీ మీ స్కూల్లో పెట్టబోయే జీవన నైపుణ్యాల కార్యక్రమం నీకు అప్పజెప్పారని, నువ్వు మారుమాట లేకుండా ఒప్పేసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "మొన్ననే ఉద్యోగంలో చేరిన పిల్ల, దీనికెందుకే ఈ తలనొప్పి" అని దాని బాధ. నాకైతే ముందు ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, మధ్యలో తిట్లు కూడా తగులుతాయి, ఓపిగ్గా చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. టైమ్‌టేబుల్లో నీకంటూ ఒక పీరియడ్ రాయించుకో. "ఎవరైనా సెలవు పెట్టినప్పుడు ఆ క్లాసు తీసుకోమ్మా" అంటే ఒప్పుకోవద్దు. నీతోపాటు ఒక మగ టీచర్ ఉండాలి. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమంలో స్కూలుకి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక ఆడ, ఒక మగ, అని పెట్టింది ఊరికే కాదు. మీ స్కూల్లో ఆ ఇద్దరూ ఎవరో ముందు కనుక్కో. పేరు రిజిస్టర్లో ఉంటుంది, ఆ పేరుగల మనిషికే సంగతి తెలియదు, ఇలాంటివి నేను చాలా చూశాను. ఫ్లెక్సీకి డబ్బు తగలెయ్యకు.

ఆ కార్యక్రమానికి 11 అంశాలున్నాయి: ఎదుగుదల, మనసు ఆరోగ్యం, తోటివాళ్లతో మెలగడం, ఆడామగా సమానత్వం, పోషణ, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ జాగ్రత్తలు, ఇలా. అన్నీ ఒక్క ఏడాదిలో పూర్తి చెయ్యాలని పరుగెత్తకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది జీవన నైపుణ్యాల చార్టు కూడా నీకు ఇస్తారు. దాన్ని గోడకి తగిలించు, బట్టీ మాత్రం పట్టించకు. మా రోజుల్లో ఒకాయన "సహానుభూతి అనగానేమి?" అని రెండు మార్కుల ప్రశ్న ఇచ్చాడు. పక్క బెంచీ పిల్లని ఏడాదంతా నత్తి నత్తి అని ఏడిపించిన పిల్లే దానికి పూర్తి మార్కులు తెచ్చుకుంది!

ఇంకొకటి, ఆడపిల్లలకి నెలసరి గురించి చెప్పేటప్పుడు మగపిల్లల్ని గ్రౌండుకి తోలెయ్యకు. వాళ్లు ఆడుకోరు, కిటికీ దగ్గరికి చేరతారు. అక్కడ సగం విని, మిగతా సగం వాళ్లే కల్పించుకుని, వారం రోజులు ఆడపిల్లల్ని కాల్చుకు తింటారు. ముందు విడివిడిగా చెప్పు, ఇద్దరికీ చెప్పు, తర్వాత కలిపి కూర్చోబెట్టు. గొంతు మారడం, మీసాలు రావడం, నిద్రలో జరిగేవి, వీటి గురించి మగపిల్లలకి ఇంట్లో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. వాళ్లకి అన్నీ తెలుసునని మనం అనుకుంటాం. తెలిసింది తక్కువ, భయం ఎక్కువ.

ఇప్పుడు నీకు నచ్చని మాట ఒకటి. బీహార్‌లోని నలందా జిల్లాలో 70కి పైగా హైస్కూళ్లలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, సెహర్ అని. ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని కొన్ని స్కూళ్లలో టీచర్ల చేత, కొన్ని స్కూళ్లలో ఆ పనికోసమే తీసుకుని శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్ల చేత నడిపించారు. కౌన్సెలర్లున్న చోట బడి వాతావరణం బాగుపడింది, ఏడిపించుకోవడాలు, కొట్లాటలు, పిల్లల్లో దిగులు తగ్గాయి. టీచర్లు నడిపిన చోట దాదాపు ఏమీ మారలేదు. టీచర్లు చేతకానివాళ్లని దీనికి అర్థం కాదు. నాకు తోచింది ఇది: పొద్దున హోంవర్కు రాలేదని నిలబెట్టిన మనిషే మధ్యాహ్నం వచ్చి "నీ మనసులో ఏముందో చెప్పు నాన్నా" అంటే ఏ పిల్లాడు నోరు విప్పుతాడు? నీకు కౌన్సెలర్ని ఎవరూ ఇవ్వరు గనుక ఆ రెండు పాత్రలూ నువ్వే వెయ్యాలి. కనీసం ఆ పీరియడ్‌లో హాజరు పుస్తకం, ఎర్ర పెన్ను స్టాఫ్‌రూమ్‌లో వదిలి వెళ్లు. నిలబడకు, వాళ్లతో గుండ్రంగా కింద కూర్చో. ఆ గంటలో విన్నది తర్వాత లెక్కల క్లాసులో ఎత్తిపొడుపుగా రానివ్వకు. నీ నోరు నాకు తెలుసు కనుక చెబుతున్నాను.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి.

నేను సర్వీసులో ఉండగా మా స్కూలుకి ఒక సంస్థ తరఫున ట్రైనర్ వచ్చేవాడు. మంచి కుర్రాడు. పాటలు పాడతాడు, ఆటలు ఆడిస్తాడు, పిల్లలు అతని చుట్టూ ఈగల్లా ముసిరేవాళ్లు. లైబ్రరీ గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె పెట్టించాడు. పేరు రాయక్కర్లేదు, ఏ సందేహమైనా చీటీ మీద రాసి అందులో వెయ్యండి అన్నాడు. మొదటి వారం వెకిలి రాతలే వచ్చాయి. అతను వాటికీ నవ్వకుండా, తిట్టకుండా జవాబు చెప్పాడు. దాంతో రెండో వారం నుంచి అసలువి మొదలయ్యాయి. మొటిమలు ఎందుకొస్తాయి, నాన్న తాగొచ్చిన రాత్రి ఎక్కడ కూర్చుని చదువుకోవాలి, నాకు బతకాలని లేదు, ఇలా అన్నీ ఒకే పెట్టెలో.

నెలాఖరున పేరెంట్స్ మీటింగ్ పెట్టాం. ఎన్నడూ లేనంతమంది వచ్చారు. ఆ కుర్రాడికి హుషారు ఎక్కువైంది. "మీ పిల్లల మనసులో ఏముందో మీకు తెలుసా?" అని మైకులో అడిగి, సంచీలోంచి చీటీలు తీసి ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాడు. పేర్లు లేవు కదా అని అతని ధీమా. జనం చెవులు రిక్కించి విన్నారు, ఒకరిద్దరు కళ్లొత్తుకున్నారు. నేను వెనక వరుసలో ఉన్నాను. ఒక చీటీలో ఇలా ఉంది: "ఒక అబ్బాయి నాకు ఉత్తరం ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. అయినా అమ్మకి తెలిస్తే బడి మాన్పిస్తుంది. నేనేం చెయ్యాలి?" చదివాక దాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాడు.

ఆ కాగితం వెనక వేరే చేతిరాత ఉంది. భుజం, నడుము, చేతి పొడవు, పక్కన అంకెలు. రెండో వరుసలో కూర్చున్న ఒకావిడ బట్టలు కుడుతుంది. అవి ఆవిడ రాసుకున్న కొలతలు, చీటీ ఆవిడ కొలతల పుస్తకంలోంచి చింపినది. మీటింగ్ మధ్యలో లేచింది, ఎవరివైపూ చూడలేదు, తిన్నగా తొమ్మిదో తరగతి గదికి వెళ్లి కూతురి మణికట్టు పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆ పిల్ల చెప్పులు గది ముందే ఉండిపోయాయి.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ మిషన్ ఆపలేదు. ఉత్తరం తీసుకోలేదని రాసింది కదమ్మా, మీ పిల్ల తప్పేముంది అన్నాను. అప్పుడు పాదం ఆపి ఒకే మాట అంది. "నాతో చెప్పాల్సిన మాట మీ పెట్టెతో చెప్పింది. నేను నలుగురితోపాటు కూర్చుని విన్నాను టీచరమ్మా." దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ పిల్ల సంవత్సరాంతం పరీక్షలు మాత్రం రాసింది, తల్లి గేటు దగ్గర కాపలా ఉండి రాయించింది. తర్వాత టీసీ పట్టుకుపోయారు. పెట్టెలో చాక్లెట్ కాగితాలు తప్ప ఇంకేం పడలేదు. బతకాలని లేదని రాసింది ఎవరో మాకు చివరిదాకా తెలియలేదు. సంస్థకి వెళ్లిన రిపోర్టులో మాత్రం "తల్లిదండ్రుల స్పందన అద్భుతం" అని ఉంది. ఆ కాపీ మీద సంతకం చెయ్యమంటే నేను చెయ్యలేదు, అదొక్కటే.

చీటీలు చదవకూడదనేది ఎవరికైనా తెలుస్తుంది. నేను చెప్పేది అంతకన్నా ముందుది. ఆ తల్లిని మేం ఒక్కసారైనా కూర్చోబెట్టి మాట్లాడకుండానే ఆవిడ కూతురి నోరు విప్పించాం. నువ్వు వరస మార్చు. పెట్టె పెట్టకముందే తల్లిదండ్రులతో సమావేశం అవ్వాలి. మీ పిల్లలు మాతో కొన్ని మాటలు చెబుతారు, వాటిని మీదాకా మేం మోసుకురాం, వాళ్లంతట వాళ్లు మీతో చెప్పేలా చూడటమే మా పని అని ముందే చెప్పెయ్యి. ఒప్పుకోనివాళ్లు అక్కడే పోట్లాడతారు, పోట్లాడనీ. పెట్టె అట్టది కాదు, చెక్కది చేయించు, తాళం నీ దగ్గరే ఉండాలి. చీటీలకి అందరికీ ఒకే రకం తెల్ల కాగితం నువ్వే కోసి ఇవ్వు. ఏ రోజు చీటీలు ఆ రోజే తెరువు, ప్రశ్నని నీ మాటల్లో నీ పుస్తకంలో రాసుకుని చీటీ చింపెయ్యి. బెదిరింపో, చావు మాటో, ఒంటి మీద చెయ్యి వేసిన సంగతో ఉన్న చీటీ మాత్రం చింపకు, దాచు.

ఎందుకంటే అన్నీ గుట్టుగా ఉంచే హక్కు నీకు లేదు. 18 ఏళ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. హెచ్‌ఎం చెవిన వేశాను కదా అని చేతులు దులుపుకోవడం కుదరదు. ఆడపిల్లకి 18 రాకుండా పెళ్లి తలపెట్టారని తెలిసినా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యాలి, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది. కాబట్టి మొదటి రోజే పిల్లలతో చెప్పు: మీ ప్రాణానికి, మీ ఒంటికి, మీ బడికి ముప్పున్న మాట తప్ప మిగతాదేదీ నా నోటి నుంచి దాటదు. ముప్పున్నదైతే, ఎవరికి చెబుతున్నానో ముందు మీకు చెప్పాకే చెబుతాను. ఇది చెబితే పిల్లలు బిగుసుకుపోతారేమో అని నీకు అనిపిస్తుంది. కొందరు నిజంగానే బిగుసుకుపోతారు. అయినా చెప్పు.

తల్లిదండ్రుల సమావేశాన్ని ఉపన్యాసం చెయ్యకు. కూలి మానుకుని వచ్చినవాళ్లకి నీ నీతులు ఎందుకు? ఎప్పుడు పెడితే వీలవుతుందో వాళ్లనే అడుగు. తండ్రుల పేరు రాసి విడిగా పిలుపు పంపు, లేకపోతే అందరూ తల్లులే వస్తారు, ఇంటికెళ్లి చీవాట్లు తినేదీ వాళ్లే. అమెరికాలోని అయోవాలో పుట్టిన ఒక కుటుంబ కార్యక్రమం ఉంది, 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి. మొదటి గంట పెద్దవాళ్లు ఒక గదిలో, పిల్లలు ఒక గదిలో. రెండో గంట అందరూ ఒకచోట. ఆ పద్ధతి నాకు నచ్చింది, మేం చివరి రెండేళ్లు అలాగే చేశాం. కలిపి కూర్చోబెట్టినప్పుడు ఒకే ఒక పని చేయించేదాన్ని. పిల్ల రెండు నిమిషాలు మాట్లాడాలి, ఇంట్లో వాళ్లు అడ్డు రాకుండా విని, విన్నది తిరిగి చెప్పాలి. జవాబు చెప్పకూడదు, సర్దిచెప్పకూడదు. ఒక తండ్రి ఉండేవాడు, ఆటో నడుపుతాడు, కొడుకు మాట్లాడుతుంటే నోరు తెరవడం, నన్ను చూసి మూయడం, మళ్లీ తెరవడం. చివరికి తన అరచేత్తో తన నోరే మూసుకున్నాడు. "ఏం విన్నారు?" అని అడిగితే, "వీడికి నేనంటే భయమంట" అని కాసేపాగి, "నేను చెడ్డవాణ్ణి కాదు మేడమ్" అని నాతో అన్నాడు. నాతో కాదు, వాడితో చెప్పండి అన్నాను. వాడి వైపు తిరగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

నీ గురించి కూడా ఒక మాట. రాత్రి పదింటికి పిల్లల మెసేజీలకి జవాబులిస్తూ కూర్చోకు. నీకు అందని కష్టం వస్తే డాక్టరుకో, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ (14416)కో అప్పగించడం ఓటమి కాదు. స్టాఫ్‌రూమ్‌లో ఎంత మంచివాళ్లు అడిగినా పిల్లల సంగతులు చెప్పకు. ఇది నీకు చేతనవుతుందని నాకు నమ్మకం ఎందుకో తెలుసా? పద్నాలుగో ఏట మీ అమ్మతో మాట్లాడటం మానేసి సెలవులకి నా దగ్గరికొచ్చి ఒక సంగతి చెప్పావు. మీ అమ్మకి అది నేనూ చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. ఎవరి దగ్గరైనా ఒక మాట భద్రంగా ఉంటే ఎంత తేలిగ్గా ఉంటుందో నీకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఆ మగ టీచర్ ఎవరు దొరికారో, పెట్టెకి వడ్రంగి ఏమన్నాడో ముందు అవి చెప్పు. తల్లిదండ్రుల మొదటి సమావేశంలో నువ్వు మాట్లాడబోయేది రాసి నాకు పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తాను. ఆ పెన్ను నా దగ్గర ఇంకా ఉంది.

మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

పెద్దమ్మ