‘పూర్తయింది’ అని చెప్పే ముందు

చిట్టీ,

రికార్డులను ఫైల్లో దాచడానికి సీ భాషలో నువ్వు రాసి పంపిన ప్రోగ్రాం నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. బాగుంది. ఫైల్లో రాసే ఎఫ్‌రైట్ (fwrite) ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిచోటా అది ఎంత రాశానందో చూసుకున్నావు, తక్కువైతే మెసేజ్ ఇచ్చి ఆగిపోయావు. నీ వయసులో నాకు అంత ఓపిక ఉండేది కాదు. కానీ చివర్లో ఫైలుని మూసే ఎఫ్‌క్లోజ్ (fclose)ని పిలిచి, అదేం చెప్పిందో వినకుండానే ‘పూర్తయింది’ అని ప్రింట్ చేసేశావు. గదులన్నిటికీ తాళాలు వేసి వీధి తలుపు తీసి పెట్టినట్టుంది.

సీ లైబ్రరీలో ఎఫ్‌రైట్ పేరుకే రైట్. చాలాసార్లు అది చేసేదల్లా నువ్విచ్చిన బైట్లను నీ ప్రోగ్రాం మెమరీలోనే ఉన్న ఒక బఫర్‌లోకి, అంటే తాత్కాలికంగా దాచే చోటులోకి, కాపీ చేసుకుని, సరే తీసుకున్నాను అనడం. లైనక్స్‌లో మామూలు ఫైలుకి ఆ బఫర్ సాధారణంగా 4096 బైట్లు. నీ రికార్డు వంద బైట్లు అనుకో. మొదటి నలభై పిలుపుల డేటా కెర్నెల్ (డిస్క్‌తో మాట్లాడే ఆపరేటింగ్ సిస్టమ్ భాగం) గడప తొక్కదు. డిస్క్ నిండిపోయిందన్న సంగతి నలభై ఒకటో రికార్డు దగ్గర తెలుస్తుంది. అప్పుడు నీ మెసేజ్ ‘41వ రికార్డు రాయలేకపోయాం’ అంటుంది, పోయినవేమో అంతకు ముందువి. ఇక చివర్లో సగం నిండిన బఫర్ మాటేమిటి? దాన్ని పంపేది ఎఫ్‌క్లోజ్. అది విఫలమైతే చెప్పడానికి ఇంకెవరూ మిగలరు. ఫైలు చిన్నదైతే మొత్తం రాత ఆ ఒక్క పిలుపులోనే జరుగుతుంది.

నేను ఇది పుస్తకం చదివి నేర్చుకోలేదులే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాత్రిపూట డేటాను ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కి మార్చే ప్రోగ్రాం రాశాను. మార్చాక పాత ఫైలుని తీసేసేది కూడా అదే. ఒకరోజు కొత్త డిస్క్ నిండింది. నా ప్రోగ్రాం ‘అంతా బాగుంది’ అని అర్థమిచ్చే సున్నా ఎగ్జిట్ కోడ్‌తో హాయిగా ముగిసింది, పాత ఫైలు పోయింది. పొద్దున చూస్తే కొత్త ఫైలు ఒక లైను మధ్యలో తెగిపోయి ఉంది. దాని సైజుని 4096తో భాగిస్తే శేషం సున్నా. అంటే నిండు బఫర్లే చేరాయి, చివరి సగం బఫర్ చేరలేదు. అప్పటినుంచి సగంలో తెగిన ఫైలు ఎక్కడ కనబడినా ముందు ఆ భాగహారమే చేస్తాను. శేషం రాలేదంటే నా అనుమానం బఫర్ మీదికే పోతుంది. ఆ రోజు పడిన టెన్షన్ మాత్రం నీకు వద్దు.

అందుకని పని ముగించేటప్పుడు ముందు బఫర్‌లో మిగిలింది కెర్నెల్‌కి పంపే ఎఫ్‌ఫ్లష్ (fflush) పిలిచి ఫలితం చూడు, తర్వాత ఎఫ్‌క్లోజ్ పిలిచి దాని ఫలితమూ చూడు. మధ్యలో ఏ రాతైనా తప్పిందా అన్నది ఎఫ్‌ఎర్రర్ (ferror) అనే ఫంక్షన్ చెబుతుంది. కావాలంటే ప్రతి పిలుపూ చూడకుండా చివర్లో, ఫైలు మూసే ముందు, దాన్నొక్కసారి అడగొచ్చు. కానీ అది ‘తప్పింది’ అంటుందే తప్ప ఎందుకో చెప్పదు. కారణం ఎర్ర్‌నో (errno) అనే వేరియబుల్‌లో ఉంటుంది, ఆ తర్వాత పిలిచిన ఏ ఫంక్షనైనా దాన్ని మార్చేయొచ్చు. అందుకే తప్పు కనబడిన చోటే, లాగ్‌లో రాయడానికి కూడా ముందే, ఆ విలువని పక్కన దాచుకో.

ఇదంతా పరీక్షించడానికి డిస్క్ నింపక్కర్లేదు. లైనక్స్‌లో /డెవ్/ఫుల్ (/dev/full) అని ఒక డివైస్ ఫైలు ఉంది. దానిలోకి ఏం రాసినా ‘స్థలం లేదు’ అనే ఎర్రర్ వస్తుంది. బఫర్ నిండనన్ని కొద్ది రికార్డులతో నీ ప్రోగ్రాం నడిపి, అది రాసే ఫైలుగా దాన్నే ఇచ్చి చూశాను: ఎఫ్‌రైట్‌లన్నీ సై అన్నాయి, ‘పూర్తయింది’ వచ్చింది, ఎగ్జిట్ కోడ్ సున్నా. నువ్వూ చూడు. జీఎన్‌యూ కోర్‌యుటిల్స్‌లోని ఎల్‌ఎస్, క్యాట్ లాంటి కమాండ్లు ముగిసే ముందు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని తామే మూసి ఫలితం చూసుకుంటాయి. ఆ చిన్న జాగ్రత్త మనకెందుకు ఉండకూడదు?

రస్ట్ భాషలోకి మారితే ఈ గొడవ ఉండదన్నావు. ఉంటుందమ్మా. అక్కడ ఇదే బఫర్ పని చేసే బఫ్‌రైటర్ (BufWriter) డ్రాప్ అయ్యేటప్పుడు, అంటే పని అయిపోయి తొలగిపోయేటప్పుడు, మిగిలింది రాయడానికి ప్రయత్నిస్తుంది గానీ, అప్పుడొచ్చిన ఎర్రర్‌ని మింగేస్తుంది. డ్రాప్‌కి ఎర్రర్ తిరిగిచ్చే దారి లేదు మరి. ఫ్లష్‌ని నువ్వే పిలిచి, వచ్చిన రిజల్ట్ చూడాలి. గో భాషలో అదే పని చేసే బఫ్‌ఐఓ (bufio) రైటర్ ఇంకా మొండిది. ఫ్లష్ పిలవకపోతే చివరి ముక్క అసలు రాయదు. ఒకసారి ఎర్రర్ వస్తే మాత్రం ఆ తర్వాత ప్రతి రైట్‌కీ, ఫ్లష్‌కీ అదే ఎర్రర్ ఇస్తూ పోతుంది. అది నాకు నచ్చిన పద్ధతి.

చదివే వైపు ఒక్క మాట. ‘ఎఫ్‌ఈఓఎఫ్ (feof) కానంత వరకు’, అంటే ఫైలు చివర తగిలేంత వరకు, అంటూ లూప్ రాశావు. చదవడంలో ఎర్రర్ వస్తే ఎఫ్‌ఈఓఎఫ్ ఎప్పటికీ నిజం కాదు, నీ లూప్ తిరుగుతూనే ఉంటుంది. ఫైలు చదివే ఎఫ్‌రీడ్ (fread) అడిగినదానికంటే తక్కువ ఇచ్చినప్పుడు ఆగి, ఫైలు అయిపోయిందా, ఎర్రరా అని అడుగు.

ఇక అసలు చిక్కు. ఎఫ్‌క్లోజ్ బాగానే ఉందన్నా డేటా డిస్క్‌కి చేరినట్టు కాదు, కెర్నెల్ పేజ్ క్యాష్‌కి, అంటే డిస్క్‌కి వెళ్లే ముందు డేటా మెమరీలో ఆగే చోటుకి, చేరినట్టు. కరెంటు పోయినా నిలవాల్సిన డేటా అయితే, ఎఫ్‌ఫ్లష్ తర్వాత, మూసే ముందు, దాన్ని డిస్క్ దాకా పంపించే ఎఫ్‌సింక్ (fsync) కావాలి. అది విఫలమైతే ఏం చేయాలి? మళ్లీ పిలుద్దాం అనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తయారుచేసేవాళ్లూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నారు. 2018లో బయటపడిందేమిటంటే, రాయలేకపోయిన పేజీలను (ఆ క్యాష్‌లోని ముక్కలను) లైనక్స్ శుభ్రమైనవిగా, అంటే రాసేసినవిగా, గుర్తు పెట్టేస్తుంది, రెండో ఎఫ్‌సింక్ విజయం అని చెబుతుంది, డేటా మాత్రం డిస్క్ మీద ఉండదు. ఆ తర్వాత వాళ్లు ఎఫ్‌సింక్ తప్పితే సర్వర్‌ని పడగొట్టి, మార్పులను ముందే రాసుకున్న లాగ్ నుంచి తిరిగి కోలుకునేలా మార్చారు. మొరటుగా అనిపిస్తుంది కానీ నాకు సబబే అనిపించింది.

నీ ప్రోగ్రాంకి అంత అక్కర్లేదు. కొత్త డేటాను తాత్కాలిక ఫైలులో రాయి. ఫ్లష్, ఎఫ్‌సింక్, క్లోజ్ మూడూ సరేనంటేనే అసలు పేరుకి రీనేమ్ చెయ్యి, ఆ డైరెక్టరీనీ ఎఫ్‌సింక్ చెయ్యి. మధ్యలో ఏది తప్పినా తాత్కాలిక ఫైలు పారేసి మొదటినుంచి రాయి. పాత ఫైలు చెక్కుచెదరదు కాబట్టి కంగారు ఉండదు. క్లోజ్ తప్పిందని మళ్లీ క్లోజ్ మాత్రం పిలవకు. లైనక్స్‌లో ఆ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకి కెర్నెల్ ఇచ్చే నంబర్) అప్పటికే విడుదలైపోయి ఉంటుంది, అదే నంబర్‌తో ఇంకో థ్రెడ్ వేరే ఫైలు తెరిచి ఉండొచ్చు.

సరిచేశాక /డెవ్/ఫుల్ మీద నడిపి, వచ్చిన మెసేజ్, ఎగ్జిట్ కోడ్ రెండూ పంపు. ఆ ‘పూర్తయింది’ లైను ఎక్కడికి జరిపావో ముందు అది చూస్తాను.

మామయ్య