యాంటీబయాటిక్ వేసుకుంటే విరేచనాలు ఎందుకు? బ్యాక్టీరియా అన్నీ చెడ్డవేనా?

గొంతునొప్పికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాక విరేచనాలు పట్టుకున్నాయి, బ్యాక్టీరియాను చంపితే ఒంటికి మంచిదే కదా, మరి ఇదేంటి అని అడిగారు. చాలావరకు ఇది మందు వల్ల వచ్చేదే. నేను డాక్టర్‌ని కాదు. మాది కర్నూలు, మా అత్తకు ఇలాగే అయినప్పుడు అడిగి తెలుసుకున్నవి చెబుతాను.

పోయిన ఎండాకాలం ఆమెకు మూత్రంలో మంట, చలిజ్వరం. యూరిన్ కల్చర్‌లో, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షలో, ఈ.కోలై అనే బ్యాక్టీరియా అని వచ్చింది. "రెండు పూటలా నీళ్లు పోసుకుంటా, నాకు పురుగు యాడ నుంచి వచ్చె?" అని ఒకటే దిగులు. డాక్టరమ్మ నవ్వి, "మీ పేగుల్లోదేనమ్మా" అన్నారు. ఈ.కోలైలో చాలా రకాలు పెద్దపేగులో ఏ గొడవా లేకుండా ఉంటాయి, విటమిన్ కె కూడా తయారుచేస్తాయి. మూత్రనాళంలోకి చేరితే మాత్రం ఇన్ఫెక్షన్. మా ఊరి ఎండల్లో నీళ్లు సరిగా తాగకపోతే దానికి ఇంకా అనువు. కలరా, టైఫాయిడ్ క్రిముల సంగతి వేరు, వాటితో మనకు ఏ లాభమూ లేదు.

మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఒక అంచనా వచ్చింది. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనకు అరగని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లం చేస్తాయి, పేగు గోడకు ముఖ్యమైన తిండి అదే. జొన్నరొట్టె, కొర్రన్నం తినేవాళ్లు తమకు తెలియకుండానే వాటిని మేపుతున్నట్టు. పైగా బస్సులో సీటుకు తువ్వాలు వేసినట్టు పేగులో చోటంతా ఆక్రమించి, చెడ్డవాటిని నిలవనీయవు. యాంటీబయాటిక్‌కు ఈ తేడా తెలియదు, రెంటినీ చంపుతుంది. పులియబెట్టేవి తగ్గేసరికి మిగిలిపోయిన పిండిపదార్థం పేగులోకి నీళ్లను లాగుతుంది. అవే మీ విరేచనాలు.

పెరుగు తినొచ్చా అంటే, తినండి. కానీ పెరుగులోని బ్యాక్టీరియా పేగులో కాపురం పెట్టదు, నాలుగు రోజులుండి పోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి వాడుతుంటే పాలు, పెరుగుతో కలిపి వేసుకోకూడదు, కాల్షియం వల్ల మందు ఒంటికి సరిగా పట్టదు. ఎంత గ్యాప్ ఇవ్వాలో రాసిన డాక్టర్‌నే అడగండి. యాంటీబయాటిక్ వల్ల విరేచనాలు పట్టుకుంటే మా అత్తకు ఓఆర్ఎస్, ఉప్పేసిన పల్చటి మజ్జిగతోనే నడిచింది, కోర్సు పూర్తయ్యాక సర్దుకుంది.

ఇంతకీ ఆ మందు డాక్టర్ రాసిందేనా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదా? గొంతునొప్పి ఎక్కువసార్లు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోవద్దు. రక్తం పడినా, జ్వరం, గట్టి కడుపునొప్పి ఉన్నా ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. క్లాస్ట్రిడియాయిడెస్ డిఫిసిల్ అనే క్రిమి ఇలాంటప్పుడే పెరుగుతుంది, దానికి వేరే మందు కావాలి.