ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే సిబిల్ స్కోర్ పెరుగుతుందా?

"ఇంటికి ల్యాండ్‌లైన్ పెట్టించుకుంటే సిబిల్ పెరుగుతుంది, హోమ్ లోన్ తొందరగా వస్తుంది అని మా లోన్ ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా?" అని అడిగారు. పెరగదు. ఒక్క పాయింటు కూడా పెరగదు. అలాగని మీ ఏజెంట్ మాట పూర్తిగా గాలి కబురు కూడా కాదు. ఇరవై ఏళ్ల కిందట చెప్పి ఉంటే అందులో చాలా నిజం ఉండేది.

2000ల మొదట్లో నేను విజయవాడలో బ్యాంకులకు వెరిఫికేషన్ చేసిపెట్టే ఒక ఏజెన్సీలో పనిచేశాను. పర్సనల్ లోన్, టూవీలర్ లోన్, క్రెడిట్ కార్డు, ఏ ఫారం వచ్చినా మా కళ్లు ముందు పోయేది 'రెసిడెన్స్ ఫోన్' గడి మీదకే. ఎస్‌టీడీ కోడ్‌తో నంబర్ రాసి ఉంటే ప్రాణం లేచొచ్చేది. టెలిఫోన్ డైరెక్టరీ తీసి ఆ నంబర్ ఎవరి పేరు మీద, ఏ వీధిలో ఉందో చూసుకుని, మధ్యాహ్నం పూట ఫోన్ చేసేవాళ్లం. సారు ఎక్కడ పనిచేస్తారు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఇల్లు సొంతమా అద్దెదా అని నాలుగు ప్రశ్నలు. ఫోనెత్తింది బామ్మగారైతే అడగనివి కూడా చెప్పేవారు, కోడలి మీద ఫిర్యాదులతో సహా.

చాలా ఫారాల్లో నంబర్ పక్కన 'పీపీ' అని రాసి ఉండేది. అప్పటివాళ్లకు గుర్తుండే ఉంటుంది. పక్కింటి వాళ్లదో, ఓనర్‌దో, కింద కిరాణా కొట్టుదో ఫోన్ అన్నమాట. పీపీ నంబర్‌ను మేం సగం నంబర్‌గానే చూసేవాళ్లం. ఉత్త సెల్ నంబర్ మాత్రమే ఇచ్చి, అదీ ప్రీపెయిడ్ అయితే, ఫీల్డ్ కుర్రాడు స్వయంగా ఇంటికి వెళ్లి వచ్చేదాకా ఫైలు కదిలేది కాదు.

అప్పట్లో ఆ వైరుకు ఎందుకంత విలువంటే, అది అడ్రసుకు కట్టేసిన వస్తువు. డిపాజిట్ కట్టాలి, లైన్‌మన్ ఇంటికి రావాలి. అంతకు ముందు దశాబ్దాల్లో అయితే దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లున్నారు. అంత తంటాలు పడి ఫోన్ పెట్టించుకున్నవాడు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి పోడని బ్యాంకు ధీమా. అప్పు తీర్చే స్తోమత గురించి ఆ ఫోన్ చెప్పేది తక్కువే. మనిషి దొరుకుతాడా లేదా అన్నదే అసలు సంగతి. పాత అప్పుల చరిత్ర చూద్దామంటే అప్పటికి సరైన దారి లేదు. జనం అప్పుల వివరాలు సేకరించి స్కోర్ ఇచ్చే క్రెడిట్ సంస్థ సిబిల్‌ను 2000లోనే పెట్టినా, క్రెడిట్ సమాచార సంస్థల చట్టం వచ్చింది 2005లో.

ఇది మన దగ్గరి వింత అనుకోకండి. అమీర్‌పేటలో డేటా సైన్స్ నేర్చుకున్న పిల్లలనడగండి, 'జర్మన్ క్రెడిట్ డేటా' అనే ఫైలు చాలామంది చూసే ఉంటారు. వెయ్యి మంది అప్పుల వివరాలు, మనిషికి ఇరవై అంశాలు. అందులో ఒకటి టెలిఫోన్: లేదా? ఉంటే కస్టమర్ పేరు మీదే ఉందా?

ఇప్పటి స్కోర్ సంగతి వేరు. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకె మీ అప్పుల నుంచి, కార్డుల నుంచి వస్తుంది. వాయిదాలు సమయానికి కట్టారా, కార్డు లిమిట్‌లో ఎంత వాడేస్తున్నారు, ఖాతాలు ఎంత పాతవి, ఈమధ్య ఎన్ని చోట్ల లోన్ అడిగారు, ఇలాంటివే. మీ ఫోన్ నంబర్లు రిపోర్టులో 'కాంటాక్ట్' వివరాల కింద కనిపిస్తాయి, అంతే.

ల్యాండ్‌లైన్ ఉపయోగపడే చోటు ఒకటుంది, అడ్రస్ ప్రూఫ్. మీ ఆధార్‌లో గుడివాడ ఇల్లే ఉండి, ఇప్పుడు మియాపూర్‌లో అద్దెకుంటున్నారనుకోండి. రెండు నెలలకు మించి పాతది కాని ఫోన్ బిల్లును కేవైసీకి తాత్కాలికంగా తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. కొత్త అడ్రస్ ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు పత్రం మూడు నెలల్లో ఇవ్వాలి. పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు, కరెంటు బిల్లు కూడా పనికొస్తాయి కాబట్టి దీనికోసం పనిగట్టుకుని లైను వేయించుకోనక్కర్లేదు.

మీ ఏజెంట్ చెప్పని సంగతి ఇంకొకటుంది. లైను ఉంటే లాభం లేదు గానీ, దాన్ని బిల్లు కట్టకుండా వదిలేస్తే నష్టం రావచ్చు. టెలికాం కంపెనీలు కూడా క్రెడిట్ సంస్థలకు వివరాలు పంపవచ్చు. సిబిల్ ఖాతాల రకాల్లో హోమ్ లోన్, గోల్డ్ లోన్‌లతో పాటు టెల్కో ల్యాండ్‌లైన్, టెల్కో బ్రాడ్‌బ్యాండ్, టెల్కో వైర్‌లెస్ అని విడివిడిగా ఉన్నాయి. మా పెద్దమ్మగారి అబ్బాయి అద్దె ఇల్లు మారుతూ ఫోన్‌తో కలిపి తీసుకున్న బ్రాడ్‌బ్యాండ్‌ను అలాగే వదిలేశాడు. మోడెం ఓనర్‌కిచ్చి, ఆయనే తిరిగిచ్చేస్తాడులే అనుకున్నాడు. బాకీ కొన్ని వందలే. ఏళ్ల తర్వాత హోమ్ లోన్‌కు వెళితే, "రిపోర్టులో రిటన్ ఆఫ్ (వసూలు కాని బాకీ) అని ఒకటి కనిపిస్తోంది, ఎన్‌ఓసీ తెండి" అన్నారు. అంటే బాకీ ఏమీ లేదని కంపెనీ ఇచ్చే కాగితం. డబ్బు ఆ రోజే కట్టేశాడు. ఎన్‌ఓసీ మాత్రం ఓ పట్టాన రాలేదు. కంపెనీ లోకల్ ఆఫీసు ఎప్పుడో ఎత్తేశారు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఆ ఖాతా సిస్టమ్‌లోనే లేదంటారు! ఇక్కడ బిల్డర్‌కు అడ్వాన్స్ ఇచ్చేసి కూర్చున్నాడు, టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. చివరికి డబ్బు కట్టిన రసీదు పెట్టి క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్, అంటే రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు, వేస్తే గానీ తేలలేదు. ఇప్పుడైతే అలాంటి ఫిర్యాదు తేల్చడానికి 30 రోజుల గడువుంది. అది దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2023లో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

అందుకే ఏ కనెక్షన్ తీసేసినా సరెండర్ లెటర్ మీద ముద్ర వేయించుకోండి, మోడెం ఇచ్చిన రసీదు, ఫైనల్ బిల్లు దాచుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే అది కూడా అడిగి తీసుకోండి. చాలామంది అలా వదిలేస్తుంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. మన సిబిల్ స్కోర్ లాంటి అక్కడి ఫైకో స్కోర్‌లోనూ ల్యాండ్‌లైన్ ఉండటానికి విలువ లేదు. 2019లో ఎక్స్‌పీరియన్ అనే క్రెడిట్ సంస్థ నుంచి 'ఎక్స్‌పీరియన్ బూస్ట్' అని వచ్చింది, మనం ఒప్పుకుంటే సమయానికి కట్టిన ఫోన్, కరెంటు బిల్లులను ఆ ఒక్క సంస్థ రిపోర్టులో చేర్చుకుంటుంది.

మీ విషయానికొస్తే, అప్లై చేసే ముందే మీ రిపోర్టు తీసి చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్, నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మొదట టెల్కో అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఏజెంట్ ఇంకా ల్యాండ్‌లైన్ పాటే పాడుతుంటే, బ్యాంకు ఇచ్చిన డాక్యుమెంట్ల లిస్టులో అది ఎక్కడుందో చూపించమనండి.