పిట్టకు గూడు, బాటసారికి బస

సందేహం: మేం బరంపురంలో ఉంటాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఒకటో తరగతి చదివే మా అమ్మాయికి జంతువులు, వాటి ఇళ్లు అనే పాఠం వచ్చింది. "కాకి బసాలో ఉంటుంది" అంటోంది. బస తెలుగు మాటే కదా, దిద్దాలా వద్దా? మా మామగారు గూడును నీడం అనీ, పుట్టను వల్మీకం అనీ నేర్పమంటున్నారు. అన్నిటికీ ఇల్లు అనేస్తే తప్పా? కుక్కకు కెన్నెల్ అని ఉంది, దానికి తెలుగేమిటి? తాబేలు ఇల్లు ఏదని కూడా అడుగుతోంది.

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి తప్పు మాట అనలేదు, పక్కింటి మాట అంది. ఒడియాలో పిట్ట గూడును బసా అంటారు. అది ఒడియాలో నూటికి నూరుపాళ్లూ సరైన మాట. మన బస రూపంలో దానికి చుట్టంలా కనిపిస్తుంది కానీ వాడుక వేరు. ప్రయాణంలో ఆగే చోటు బస. "ఊళ్లో ఎక్కడ బస చేశారు?" అని అడుగుతాం. బసను ఎవరూ కట్టుకోరు, అక్కడ దిగుతారు, నాలుగు రోజులుండి వెళ్లిపోతారు. గూడు కట్టుకునేది. అందుకని పిల్లను మందలించకండి. "ఒడియాలో బసా, మనింట్లో గూడు" అని రెండూ పక్కపక్కన చెప్పండి. ఆరేళ్ల పిల్లకు రెండు మాటలు బరువు కావు.

దిద్దవలసింది నిజానికి ఇంకొకటి ఉంది. ఈ వయసు పిల్లలు "గూడులో గుడ్లున్నాయి" అంటారు. గూడులో కాదు, గూట్లో. కూడు కూటికి అయినట్టు, నాడు నాటికి అయినట్టు గూడు గూటికి అవుతుంది. ఒకటైతే గూడు, రెండైతే గూళ్లు. పేరు ఒక్కటే నేర్పి ఈ రూపాలు వదిలేస్తే ఆ మాట పిల్ల నోట్లో సగమే ఉంటుంది.

గూడు అంటే మనకు పిట్టది మాత్రమే కాదు. గోడలో దీపం పెట్టుకునే చోటూ గూడే. "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అన్నది ఆ గూటి గురించే. పర్లాకిమిడిలో మా చిన్నప్పటి ఇల్లు మట్టిగోడలది. వీధి తలుపు పక్కన గోడలో దీపపు గూడు ఉండేది, లోపలంతా నూనె మరకలు, మసి. ఒక ఏడు పిచ్చిక ఒకటి గడ్డిపోచలు, కొబ్బరిపీచు తెచ్చి అందులో కూరడం మొదలుపెట్టింది. రెండు రోజులు చూసి మా అమ్మ ప్రమిద తీసి గడప పక్కన పెట్టింది. "గూట్లో గూడు పెట్టిందిరా, ఇంక దీపం ఎక్కడ పెట్టను" అంది. పిల్లలు ఎగిరిపోయేదాకా మా ఇంటి దీపం గడప దగ్గరే వెలిగింది. ఆ ఒక్క మాటలో రెండు గూళ్లూ నాకు తెలిసిపోయాయి. మీ ఇంటి గోడలో పాత గూడు ఉంటే ముందు అది చూపించండి.

అన్నిటికీ ఇల్లు అనేస్తే తప్పు కాదు, కానీ నష్టం. ఇల్లు అంటే ఎవరు ఉంటున్నారో మాత్రమే తెలుస్తుంది. గూడు, పుట్ట, కలుగు, బొరియ, తొర్ర, పట్టు అంటే ఆ చోటు ఎలా ఏర్పడిందో కూడా తెలుస్తుంది. గూడు అల్లుతారు, కడతారు. పుట్ట పెడతారు. కలుగు తవ్వుతారు. తొర్రలో చేరతారు. అందుకే నా సలహా, పేరుతో పాటు ఆ పనిని చెప్పే క్రియను నేర్పండి. "ఎలుకకు కలుగు" అని గీత గీసి జతపరచడం కన్నా "ఎలుక కలుగు తవ్వింది" అనే వాక్యం పిల్లకు ఎక్కువ ఇస్తుంది. మీ వైపు చాలా ఇళ్లలో ఎలక కన్నం అంటారు, అదీ మంచి మాటే. పొలం గట్టులో పడినదైతే బొరియ.

చీమనే తీసుకోండి. బడి పుస్తకాల్లో చీమకు పుట్ట అని ఉంటుంది. ఏడు చేపల కథలో చీమ "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అంటుంది కాబట్టి పిల్లలకు అది ముందే తెలుసు. అయితే మామిడిచెట్టు మీద ఆకులు దగ్గరకు లాగి కుట్టుకునే ఎర్ర చీమలూ ఉన్నాయి. తమ పిల్లపురుగుల నోటినుంచి వచ్చే పట్టుదారంతోనే ఆ ఆకుల్ని అతుకుతాయి. దాన్ని పుట్ట అనం, చీమల గూడు అంటాం. జీవి అదే, పని మారింది, పేరు మారింది. ఇక పొలాల్లో మనిషెత్తు లేచే పుట్టలు అసలు చీమలవి కావు, చెదపురుగులవి. తడిమట్టిని ఉమ్మితో కలిపి రేణువు రేణువుగా పేర్చి కడతాయి. సుమతీ శతకంలో "చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు" అని ఉంది కదా. చీమా చెదా అన్న తేడా అలా ఉంచి, పుట్ట పెట్టింది ఒకరు, చేరింది ఇంకొకరు అన్న సంగతి పద్యకారుడికి బాగా తెలుసు. ఆ "పెట్టిన" అన్న క్రియ చూడండి. పాము పుట్ట అని మనం అంటాం గాని పాము పుట్ట పెట్టింది అని ఏ తెలుగువాడూ అనడు. తొర్ర కూడా అంతే. వడ్రంగిపిట్ట ముక్కుతో తొలిస్తే, అది ఖాళీ చేశాక చిలకలు చేరతాయి.

బరంపురం పట్టుకు పేరున్న ఊరు, మగ్గాల వీధుల్లో తెలుగిళ్లు ఉన్న ఊరు. మీకు రెండు మాటలు చేతికందే దూరంలో ఉన్నాయి. ఒకటి పట్టుగూడు. పురుగు తన చుట్టూ తాను వందల మీటర్ల పొడవున ఒకే పోగు చుట్టుకుంటుంది, అది దాని గూడు. రెండోది సాలెగూడు. సాలె అంటే నేతపని చేసేవాడు, ఆ పురుగుకు నేతగాడి పేరే పెట్టాం. ఎక్కువ సాలెపురుగులకు అది కాపురముండే చోటు కన్నా ఈగను పట్టే వల. అయినా అల్లినది కాబట్టి తెలుగు దాన్ని గూడు అంది. తేనెటీగలది మాత్రం పట్టు, లేదా తుట్టె.

పశువుల చోటుకు ఊరికో పేరు. మీ వైపు శాల, కొన్ని చోట్ల సాల అని పలుకుతారు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో పాక, చావిడి. తెలంగాణ, రాయలసీమల్లో కొట్టం. పాఠ్యపుస్తకంలో ఏది అచ్చయినా మీ ఇంట్లో మీ మాటే చెప్పండి. ఒడియాలో గుహాళ అంటారు. గోశాల అరిగి అరిగి గుహాళ అయింది, అందులోనూ మీ శాలే ఉంది. ఈ సంగతి పిల్లకు చెబితే ఎంత సరదా పడుతుందో చూడండి.

మీ మామగారి మాట తీసేయదగినది కాదు. వల్మీకం తెలిస్తే వాల్మీకి పేరు తెలుస్తుంది. కానీ అది నాలుగైదేళ్ల తరువాతి చదువు. నీడం అని ఇప్పుడు నేర్పితే పిల్ల దాన్ని చెట్టునీడ అనుకుంటుంది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ సవరలనే కొండజాతివారి భాష నేర్చుకున్నది వాళ్ల నోటినుంచే. జనం నోట ఉన్న మాటే పిల్లవాడి మొదటి పాఠం కావాలని ఆ ఊరినుంచే వాదించారు. ఆ ఊరి గాలి పీల్చి పెరిగినవాడిగా నేనూ అదే చెబుతాను. ముందు గూడు, నీడం తరవాత.

కెన్నెల్‌కు సంప్రదాయంగా వచ్చిన తెలుగు పేరేదీ వెతకనక్కర్లేదు. మన కుక్క అరుగు మీదో, పొయ్యి చల్లారాక బూడిదలోనో పడుకుంది. కుక్కల ఇల్లు అనండి చాలు. ఇల్లు అనే మాట సరిగ్గా అతికే చోటు అదొకటి.

ఇక తాబేలు. చిప్పే దాని ఇల్లు అని చాలామంది చెప్పేస్తారు. అది సరైన జవాబు కాదు. చిప్ప దాని వెన్నెముకతో, పక్కటెముకలతో కలిసిపోయిన ఒళ్లు. దాన్ని వదిలి బయటికి రాలేదు. మీకు దగ్గర్లోనే, రుషికుల్య నది సముద్రంలో కలిసే ఇసుకలో, గుడ్లు పెట్టే రోజుల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకు వేలు ఒడ్డెక్కుతాయి. వెనక కాళ్లతో గుంట తీస్తాయి, ఒక్కొక్కటీ వంద దాకా గుడ్లు పెడతాయి, ఇసుక పూడ్చి మళ్లీ సముద్రంలోకి పోతాయి. ఒకటిన్నర, రెండు నెలల్లో పిల్లలు వాటంతట అవే ఇసుక తోసుకుని వస్తాయి. తల్లి అక్కడ ఉండదు. కాబట్టి అది ఇల్లు కాదు, అల్లినది కాదు గనక గూడూ కాదు. జనం గుంట అంటారు, అది చాలు. వీలైతే ఈసారి అటవీశాఖ వాళ్లు అనుమతించినంత దూరం నుంచి పిల్లకు ఆ ఒడ్డు చూపించండి. చూశాక ఆ గుంటకు తనేం పేరు పెట్టిందో నాకు రాయండి.