ఒట్టేశాక అన్న గడప తొక్కొచ్చా?

అన్న గడప తొక్కనని పైడితల్లమ్మ మీద ఒట్టేశాను, ఇప్పుడు అన్న కూతురి పెళ్లికి రాజాం వెళ్లాలా వద్దా అని అడిగారు. వెళ్లండి బాబూ.

కర్ణపర్వంలో అర్జునుడిదీ ఈ చిక్కే. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని అతని వ్రతం. కర్ణుడి చేతిలో దెబ్బలు తిని శిబిరం చేరిన ధర్మరాజు సరిగ్గా ఆ మాటే అన్నాడు. తమ్ముడు కత్తి దూశాడు. కృష్ణుడు ఆపి, పెద్దవాణ్ని ‘నువ్వు’ అని తూలనాడు, చంపినట్టే లెక్క అన్నాడు. (మన వైపు అన్నని నువ్వనడం మామూలే, అది వేరే సంగతి!) తిట్టాక అర్జునుడు సిగ్గుతో తన తలే నరుక్కోబోతే, నిన్ను నువ్వే పొగుడుకో, అదే ఆత్మహత్య అన్నాడు కృష్ణుడు. అలా మాటతోనే ఒట్టు తీరింది, అన్నదమ్ములూ మిగిలారు.

మీరూ ముందు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర పైడితల్లమ్మ గుడికెళ్లి అమ్మవారికి తప్పు చెప్పుకోండి. రాజాం బస్సెక్కేముందు వదినగారికి ఒక ఫోన్ చెయ్యండి.